తడికె తోసేటాయన

మా దిక్కు పెండ్లయిన ఆడది మొగుని పేరు నోట అనదు. పేరే కాదు, పేరును పోలిన మాట కూడా అనదు. మా పక్కింటి ఉప్పలమ్మ మొగుడు మారయ్య. అందుకని ఆమె బంతిలో వడ్డించేటప్పుడు మారు అన్నం అనే మాట ఎన్నడూ అనలేదు. "ఇందాకటి లెక్కనే ఇంకింత పెట్టన్నా?" అని అడిగేది. కొత్త చుట్టాలు బిత్తరపోయి చూసేవాళ్లు. అయినా ఆమె కష్టం ఏడాదికి నాలుగు బంతుల్లోనే. నా కష్టం అట్లాంటిది కాదు. మా ఆయన పేరు గాలయ్య.

గాలి లేని పూట ఉంటుందా? వడ్లు తూర్పార పట్టాలంటే గాలి, దీపం ఆరిపోతే గాలి, మబ్బు కొట్టుకుపోతే గాలి, పిల్లకు సుస్తీ చేస్తే గాలి సోకిందంటారు. పదహారో ఏట కాపురానికి వచ్చిన నాటి నుంచి వీటన్నిటికీ నేను వేరే దారులు వెతుక్కున్నాను. ఆకులు కదిలించేటాయన. దీపం ఊదేటాయన. తడికె తోసేటాయన. గట్టిగా వీచిన నాడు "ఇయ్యాల ఆయనకు కోపమొచ్చింది" అనేదాన్ని. "ఏ ఆయనకే?" అని మా అత్త అడిగేది. ఎందుకంటే ఇంట్లో ఉన్న ఆయనకు కోపం ఎన్నడూ రాదు. పేరుకే గాలయ్య. మనిషి నిండిన మోటబొక్కెన, ఎద్దులు గుంజితే తప్ప కదలడు.

1962లో నేను మా ఊరి ఆడపిల్లల బడిలో ఆయాను. మా ఊరు తిరుమలగిరికి రెండు కోసుల దూరం. పొద్దున గంట కొట్టాలి, రంజన్లలో నీళ్లు నింపాలి, సాయంత్రం బోర్డులు తుడవాలి. తుడిచేముందు ప్రతి బోర్డునూ చదివేదాన్ని. ఆరేండ్లు అట్లా తుడిచి తుడిచి, తెలుగు మొత్తం వచ్చింది, ఇంగ్లీషు కొంచెం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. పని పక్కకు పెట్టి పాఠాలు వింటున్నదని తీసేస్తారేమోనని నా భయం. నాకు దేనికైనా భయమే. మా అక్క గుర్వమ్మ నెల రోజుల్లో వస్తానని షోలాపూర్ మిల్లుకు పోయి మళ్లీ రాలేదు. మా అమ్మ నేను బావికి పోయి వచ్చేలోపు పోయింది. అప్పటి నుంచి ఎవరు చెప్పులు తొడుక్కున్నా నా గుండె దడదడలాడుతుంది. బోర్డు మీది అక్షరాలను తుడవాలన్నా చెయ్యి రాకపోయేది. పొద్దున వచ్చి సాయంత్రం పోయే చుట్టాలు కదా అవి కూడా.

ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెప్పేది తాహేరా టీచరమ్మ. పాలమూరు నుంచి వచ్చింది. ఇరవై మూడేండ్ల మనిషి. నవ్వు వస్తే ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది. నాతో మాట్లాడేటప్పుడు ఏ పని చెప్పినా ముందు "జర" అనేది. "జర నీళ్లియ్యి అండాలూ, జర గంట కొట్టు అండాలూ." కొంచెం దయచేసి అన్నట్టుండే ఆ జర వింటే నాకు కడుపు నిండేది.

ఆ ఎండాకాలం మొదట్లో హెడ్మాస్టరు దశరథం సారు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. కాగితం చూస్తేనే చెమట పట్టే మనిషి ఆయన.

"తాహేరమ్మా, వచ్చే గురువారం ఇన్‌స్పెక్టరమ్మ వస్తదట. ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు ఇంగ్లీషు దండుగ అని పైన అనుకుంటున్నరట. పిల్లలు జవాబు చెప్తే క్లాసు ఉంటది. చెప్పకుంటే క్లాసు ఎత్తేస్తరు, మిమ్మల్ని అమ్రాబాద్ పంపుతరు."

అమ్రాబాద్ అంటే నల్లమల అడవి. క్లాసులో తొమ్మిది మంది పిల్లలు. వాళ్లలో నోరున్నది నర్సింగమ్మ. లేచి నిలబడింది.

"గాడ పులులుంటయి గద సారూ. పులులకు ఇంగ్లీషు చెప్పాల్నా?"

"కూసో బిడ్డా" అన్నాడు సారు. ఆయన నుదురు తుడుచుకుంటుంటే టీచరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మాత్రం తలుపు పక్కన రంజన్ మూత పట్టుకుని నిలబడిపోయాను. నా కండ్ల ముందు అప్పుడే బస్సు, బస్సు కిటికీలో ఆమె చెయ్యి కనబడ్డాయి.

ఇన్‌స్పెక్టరమ్మ అడిగేవి మూడట. మాటను అలంకారంగా చెప్పడం, రాతను వరుసలో పెట్టడం, ఎదుటివాళ్లను ఒప్పించడం. మొదటిదాని దగ్గరే బండి కూరుకుపోయింది. పుస్తకంలో మెటఫర్‌కు, అంటే రూపకానికి, ఒక్కటే ఉదాహరణ ఉంది. ఒంటె ఎడారికి ఓడ.

"సమజయిందా?"

"అయింది టీచరమ్మా" అని తొమ్మిది గొంతులు.

"ఏం సమజయింది?"

తొమ్మిది తలకాయలు పుస్తకాల్లోకి దిగాయి. చివరికి నర్సింగమ్మ లేచింది. "టీచరమ్మా, మేము ఒంటెను జూడలే, ఓడను జూడలే, ఎడారిని జూడలే. జూడనియి మూడు కలిపి ఒకటి సమజు చేసుకోమంటే ఎట్ల?"

"నేను గూడ జూడలేదే" అంది టీచరమ్మ. ఇక క్లాసంతా నవ్వే.

రాతను వరుసలో పెట్టడం ఇంకో తమాషా. సెలవు కోసం అర్జీ రాయమంటే నర్సింగమ్మ వాళ్ల తాత ఎద్దును కొన్నకాడ మొదలుపెట్టింది. ఎద్దుకు కుంటు వచ్చింది, తాతకు కోపం వచ్చింది, చిన్నాయనకు పెండ్లి కుదిరింది. సెలవు కావాలి అన్న మాట రెండో పేజీ అడుగున ఉంది.

"ముందుగాల ఏం గావాల్నో అది రాయాలె. కారణాలు ఎనుక."

"ముందుగాలనే అడుగుతే సిగ్గుండదా టీచరమ్మా?"

పిల్ల చెప్పింది నిజమే. ఉప్పలమ్మ మా ఇంటికి మజ్జిగ తోడుకు వస్తే ముందు వాన సంగతి మాట్లాడుతుంది. తర్వాత బర్రె ఈనిన సంగతి. తర్వాత బిడ్డ అత్తగారి సంగతి. లేచి, దర్వాజ కడప దాటి, వెనుకకు తిరిగి, "అన్నట్టు, జర తోడు పెడ్తవా?" అంటుంది. నీళ్ల గ్లాసు ఇస్తూ నేను ఈ మాట చెప్పేసరికి టీచరమ్మ బల్ల మీద కొట్టి నవ్వింది. "అదే! ఇంగ్లీషు మాటకు తలకాయ ముందుంటది. మన మాటకు తలకాయ కడప కాడుంటది."

ఒప్పించడం మాత్రం లాడ్లీ బేగం పుణ్యాన తొందరగా వచ్చింది. లాడ్లీ భయస్తురాలు, నాకు చెల్లెలు అనుకోవచ్చు. కాని ఆమె తండ్రి అహ్మద్ అలీ ఊరూరా గాజులు అమ్ముతాడు. ఒకరిని ఒప్పించాలంటే మూడు తలుపులు తట్టాలని, నమ్మకం ఒకటి, మనసు ఒకటి, రుజువు ఒకటి అని టీచరమ్మ చెప్తే, లాడ్లీ మెల్లగా చెయ్యెత్తింది.

"మా అబ్బా గట్లనే జేస్తడు. 'మీ అత్త పెండ్లికి గాజులు తొడిగింది గీ చేతులే' అంటడు."

"శబాష్. అది నమ్మకం."

"'బోసి చేతులతోని పుట్టింటికి పోతే మీ అమ్మ పానం ఏమైతది' అంటడు."

"అది మనసు."

"'రాయికి తాకినా పలగది, చూడు' అని రాయికి కొడ్తడు."

"అది రుజువు."

"పలిగితే?" అని అడిగింది నర్సింగమ్మ.

"పలిగితే 'గీ రాయి మంచిది గాదు' అంటడు."

ఇన్ని నవ్వులున్నా ఒంటె మాత్రం కదలలేదు. గురువారానికి ఇంకా నాలుగు రోజులు. టీచరమ్మ మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. ఆదివారం బడికి సెలవైనా పిల్లలను పిలిపించింది. ఆ పొద్దున ఉన్నట్టుండి దుమ్ము లేచింది. కిటికీ రెక్కలు టపటప కొట్టుకున్నాయి. బల్ల మీది కాగితాలు లేచాయి. నేను నీళ్ల బిందె దించి లోపలికి ఉరికాను.

"అమ్మో, వచ్చిండు వచ్చిండు! తడికె తోసేటాయన వచ్చిండు! కాయితాలు పట్టుకోండ్రి!"

టీచరమ్మ గబుక్కున కొంగు తల మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది. "ఎవరు? మొగాయన ఎవరొచ్చిండు? చెప్పకుంట లోపటికెట్ల వచ్చిండు?"

పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. లాడ్లీ కూడా కడుపు పట్టుకుంది. కాగితాలు ఎగిరిపోతూనే ఉన్నాయి, ఎవరూ పట్టుకోవడం లేదు.

"గాలి టీచరమ్మా, గాలి!" నర్సింగమ్మకు మాట రావడమే కష్టమైంది. "అండాలక్క గాలి అనదు. ఆమె మొగుడు గాలయ్య!"

టీచరమ్మ మెల్లగా కొంగు దించింది. నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందంటే నాకు భయమేసి, తప్పయింది అని చెప్పబోయాను.

"ఇంక ఏమేం అంటవ్ అండాలూ?"

"ఏమంట అమ్మా... ఆకులు కదిలించేటాయన అంట. మబ్బుల మంద తోలుకపోయేటాయన అంట. దొంగ లెక్క వచ్చి దీపం ఊదిపోయిండు అంట. జోరుగ వీస్తే ఆయనకు కోపమొచ్చింది అంట. బాగ ఎండల ఇంత చల్లగ తాకితే, అమ్మ చెయ్యి లెక్క ఉన్నదంట."

ఆమె సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి ఉరికింది. నేను అన్నదాన్ని అన్నట్టే రాసి, పక్కన పేర్లు పెట్టింది. దొంగ లెక్క, అమ్మ చెయ్యి లెక్క అన్నవి పోలికలు, అంటే సిమిలీలు. మబ్బుల మంద మెటఫర్. కోపమొచ్చింది అన్నది, మనిషి కానిదాన్ని మనిషిని చేసింది గనుక, పర్సానిఫికేషన్. "గిన్ని రోజుల సంది నేను ఒంటెను మోస్తున్న" అంది. "నీళ్లు మోసే మనిషి దగ్గర ఇన్ని ఉంటే!"

ఆ సాయంత్రం పిల్లలు ఇండ్లకు పోయి తల్లులను పట్టుకున్నారు. మర్నాడు క్లాసు తిరునాళ్లలా అయింది. ఒకరి తల్లి నిప్పును ఎర్రపూలంటుందట. ఒకరి నాయనమ్మ పామును పొడుగు పురుగంటుందట. ఉప్పలమ్మ ఇందాకటి లెక్కనే ఇంకింత కూడా బోర్డెక్కింది. అలంకారాలన్నీ మా వంటిళ్లలో ఉన్నాయని, వాటికి ఎవరూ పేర్లు పెట్టలేదని నాకు అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రం బోర్డు తుడవబుద్ధి కాలేదు. తుడవకుండానే ఇంటికి పోయాను. ఆరేండ్లలో అట్లా చేసింది ఆ ఒక్క నాడే.

గురువారం ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. పేరు కృష్ణమ్మ. కోస్తా వైపు మనిషి. తెల్ల చీర, నల్ల కళ్లద్దాలు, ఎండ లేకపోయినా గొడుగు. తిరుమలగిరిలో బస్సు దిగి ఎడ్లబండిలో వచ్చినందుకు నడుము పట్టుకుని ఉంది. నమస్కారం పెడితే ముక్కుతో తీసుకుంది.

"ఎవరైనా ఒక మెటఫర్ చెప్పండి."

తొమ్మిది మంది రాళ్లయ్యారు. నాలుగు రోజుల తిరునాళ్ల ఎటుపోయిందో పోయింది. ఆమె వేలు లాడ్లీ మీదికి తిరిగింది. లాడ్లీ లేచి, కండ్లు మూసుకుని, ఇంగ్లీషులో ఒంటెను అప్పజెప్పింది.

"బాగుంది. అంటే ఏమిటి?"

"అంటే మేడం... ఎడారిల ఓడ ఉంటది. ఒంటె దాంట్ల కూసుంటది."

"ఎడారిలో ఓడ ఎలా నడుస్తుందమ్మా?"

"ఒంటె గుంజుతది మేడం."

"కూర్చుందన్నావుగా?"

"కూసొని... దిగి గుంజుతది."

ఇన్‌స్పెక్టరమ్మ ఎర్ర సిరా కలం మూత తీసింది. ఆ మూత చప్పుడు నాకు బస్సు హారన్‌లా వినబడింది. దశరథం సారు చెమట తుడుచుకుంటూ నాకు నీళ్లు అన్నట్టు సైగ చేశాడు. గ్లాసు తీసుకుపోయాను. సగం నీళ్లు బల్ల మీద తెరిచి ఉన్న బడి సిబ్బంది రిజిస్టరు పక్కన ఒలికాయి.

ఆమె గ్లాసు అందుకోలేదు. రిజిస్టరులో ఏదో చూస్తోంది. "ఆయా అండాలు. భర్త పేరు గడి ఖాళీగా ఉందేమిటి? ఆరేళ్ల నుంచీ?"

"ఆమె చెప్పలేదు మేడం" అన్నాడు సారు. "చెప్పంది నేనెట్ల రాయాలె? రేపు తేడా వస్తే?"

"ఊళ్లో మీకు తెలీదా?"

"తెలుసు మేడం. కని నేను తెలిసింది రాయను, చెప్పింది రాస్త."

ఆమె నా వైపు తిరిగింది. "మీ ఆయన పేరేమిటమ్మా?"

నేను గ్లాసును రెండు చేతులా పట్టుకున్నాను. "ఆకులు కదిలించేటాయన మేడం."

"పేరు అడిగాను."

"తడికె తోసేటాయన. మబ్బుల మంద తోలేటాయన."

"ఈవిడకు మతి..." అని ఆమె సారు వైపు తిరిగేలోపే వెనుక నుంచి నర్సింగమ్మ అరిచింది. "మెటఫర్ మేడం! మబ్బుల మంద మెటఫర్!"

రాళ్లు కదిలాయి. "ఇంకోటి చెప్పు అండాలక్కా!"

"ఎండలొస్తే అమ్మ చెయ్యి లెక్కుంటడు."

"సిమిలీ!" అని నలుగురు.

"ఆయనకు కోపమొస్తే ఇండ్ల మీది గడ్డి పీకుతడు."

"పర్సానిఫికేషన్!" ఆ పొడుగు మాట తొమ్మిది నోళ్లలో తొమ్మిది రకాలుగా పలికింది. లాడ్లీది అన్నిటికన్నా గట్టిగా వినబడింది.

ఇన్‌స్పెక్టరమ్మ కళ్లద్దాలు తీసింది. నవ్వు వచ్చి పోయిందో, రాలేదో తెలియలేదు. "అలంకారాలు సరే. కానీ భర్త పేరు చెప్పకపోవడం ఏమిటమ్మా, ఈ రోజుల్లో? చెబితే ఏమవుతుంది?"

"అయితే మీరు చెప్పుండ్రి మేడం" అంది నర్సింగమ్మ.

దశరథం సారు కుర్చీ పట్టుకున్నాడు. తాహేరా టీచరమ్మ కండ్లు మూసుకుంది. ఇన్‌స్పెక్టరమ్మ నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. "మావారి పేరు..." అని అక్కడ ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. బీయే చదివిన మనిషి, రెండు జిల్లాల బడులను గడగడలాడించే మనిషి, కొత్తకోడలులా నేల చూసింది.

"మీకు గూడ రాదా మేడం?" అంది నర్సింగమ్మ, జాలిగా.

"రాకేం? చెబుతాను." ఆమె గొడుగును పక్కకు పెట్టి, కొంగు సర్దుకుంది. "పదిహేను రోజులు పెరుగుతుంది, పదిహేను రోజులు తరుగుతుంది. ఆ వెండి ముక్కను జడలో ముడుచుకున్నాయన. ఇప్పుడు చెప్పండి, మీరే చెప్పండి!"

"శివుడు! శంకరయ్య! శివయ్య!"

"దగ్గరికి వచ్చారు. కాదు."

లాడ్లీ చెయ్యెత్తింది. "వెండి ముక్క అంటే చాంద్ మేడం. మాకు ఈద్ తెచ్చేటిది గూడ గా వెండి ముక్కనే."

"చంద్రుడు... జడల... చంద్రశేఖరం!" నర్సింగమ్మ బెంచీ ఎక్కింది.

"అదే" అంది ఇన్‌స్పెక్టరమ్మ, గొంతు తగ్గించి. తర్వాత నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకోవడం ఆమెకూ వచ్చు. టీచరమ్మ, పిల్లలు, చివరికి సారు కూడా నవ్వారు. ఆయన నవ్వడం నేను మొదటిసారి చూశాను, రెండు పండ్లు లేవు.

కాని నవ్వు అయిపోయాక ఆమె మళ్లీ కలం తీసుకుంది. "ముచ్చటగా ఉంది. అయినా ఈ పిల్లలు ఏడాది తిరిగేసరికి పెళ్లిళ్లై పోతారు. ఇంగ్లీషు వీళ్లకేం పనికొస్తుంది? టీచరు అవసరం ఇంకోచోట ఎక్కువుంది. నేనేం రాయను?"

నాకు ఏం పూనిందో తెలియదు. గ్లాసు బల్ల మీద పెట్టి ముందుకు వచ్చాను. మా అలవాటు ప్రకారం వాన దగ్గర మొదలుపెట్టాను. "మొన్న వాన పడలే మేడం, ఉప్పలమ్మ బర్రె ఈనింది..." టీచరమ్మ పక్క నుంచి తన తల మీద వేలు పెట్టి చూపింది. తలకాయ ముందు. నేను ఊపిరి తీసుకున్నాను.

"తాహేరమ్మను అమ్రాబాద్ పంపొద్దు."

ఇంత బోడిగా ఎవరినీ ఏదీ అడగలేదు నేను. ఇక ఆగితే మళ్లీ వాన సంగతిలోకే పోతాను.

"ఆరేండ్ల సంది గీ బడికి నీళ్లు మోస్తున్న. ఏ టీచరు ఏం చెప్తదో, ఎవరు కునుకు తీస్తరో నాకెరుక. గీమె ఒక్క దినం కునుకు తియ్యలే."

"నమ్మకం" అని వెనుక గుసగుస. నర్సింగమ్మ వేళ్లు మడుస్తోంది.

"నాకు పోయినోళ్లు బాగ మంది ఉన్నరు మేడం. అక్క పోయింది, అమ్మ పోయింది. బస్సు కాడ నిలబడి చెయ్యి ఊపుడు నాకు చాతగాదు. గీ తొమ్మిది మంది పోరలకు గిప్పుడే నేర్పకుండ్రి."

"మనసు."

ఇన్‌స్పెక్టరమ్మ కలం ఆడించడం ఆపింది. "ఇది మీకు ఎవరు నేర్పారు?"

"గాజులాయన" అని ఒకరు, "టీచరమ్మ" అని ఒకరు.

"బాగా నేర్పారు. కానీ రుజువేదమ్మా? ఇంగ్లీషు ఎవరికి పనికొచ్చింది? ఒక్కరిని చూపించు."

నర్సింగమ్మ మూడో వేలు మడవకుండా అట్లాగే పట్టుకుని ఉంది. ఆ ఒక్కరు ఎవరో నాకు తెలుసు. చెప్తే ఆయా పని పోతుందేమో. చెప్పకుంటే ఆమె పోతుంది. ఒక భయాన్ని ఇంకో భయంతో తూచడం అలవాటే నాకు. ఈసారి తక్కెడ వెంటనే ఒరిగింది.

సుద్దముక్క తీసుకున్నాను. ఆ బోర్డును ఆరేండ్లు తుడిచాను కాని ఎన్నడూ దాని మీద రాయలేదు. పైన తెలుగులో గాలయ్య అని రాశాను. దాని కింద ఇంగ్లీషులో, మొదటి అక్షరం పెద్దగా పెట్టి, నా మొగుడే గాలి అని ఒక వాక్యం రాశాను. చివర చుక్క పెట్టడం మరిచిపోలేదు. తర్వాత వెనుకకు తిరిగి, గట్టిగా చదివాను.

"మై హజ్బెండ్ ఈజ్ ద విండ్."

టీచరమ్మ చేతిలో పుస్తకం కింద పడింది.

"పదేండ్ల సంది గా మాట నా నోట లేదు మేడం" అన్నాను. "తెలుగుల అంటే పాపం. గీమె పాఠం చెప్తుంటే కిటికీల నుంచి విన్న. విండ్ అంటే ఆయన పేరు గాదు గద! నీళ్లకు పోతా విండ్ అంట, వస్తా విండ్ అంట. బావి కాడ ఎవరు లేకుంటే గట్టిగ అంట. పోయిన మాట నాకు మల్ల దొరికింది. గిదే నా రుజువు."

నర్సింగమ్మ మూడో వేలు మడిచింది. లాడ్లీ ముందు మొదలుపెట్టింది, తర్వాత తొమ్మిది మందీ అందుకున్నారు. "విండ్! విండ్! విండ్!" బయట ఒక ఆకు కదలకపోయినా, గదిలో మాత్రం పెద్ద దుమారం లేచింది.

ఇన్‌స్పెక్టరమ్మ బోర్డు దగ్గరికి వచ్చి నా అక్షరాలను దగ్గరగా చూసింది. రిజిస్టరు నా ముందుకు జరిపింది. "గడి నింపమ్మా. నోటితో చెప్పక్కర్లేదు." నింపాను. దశరథం సారు వంగి చూసి, "గిప్పుడు రూలు ప్రకారం ఉన్నది" అని ఊపిరి పీల్చుకున్నాడు. ఆరేండ్ల నుంచి నేను పని మధ్యలో చదువుకున్నానన్న సంగతి ఆయనకు తట్టనే లేదు.

ఆమె పరిశీలన పుస్తకంలో రాసినదాన్ని టీచరమ్మ పైకి చదివింది. మొదటి వాక్యం ఇదీ. ఎనిమిదో తరగతి ఇంగ్లీషు కొనసాగాలి, టీచరును కదపరాదు. కారణాలు కింద ఉన్నాయి.

"తలకాయ ముందే పెట్టింది!" అంది నర్సింగమ్మ.

బండి ఎక్కుతూ ఇన్‌స్పెక్టరమ్మ మా అందరి వైపు చూసి "వస్తానమ్మా" అంది. దశరథం సారు మొహం మళ్లీ పాలిపోయింది. "ఎప్పుడొస్తదట? వచ్చే వారమేనా?" అని నన్ను అడిగాడు. పోతున్నానని నోటితో అనలేకనే మనం అందరం అట్లా అంటామని ఆయనకు చెప్పడానికి చాలాసేపు పట్టింది. టీచరమ్మ నా రెండు చేతులు పట్టుకుని గిర్రున తిప్పింది. "అండాలూ, జర ఆగు, జర ఆగు" అంటూనే తిప్పింది, ఆగనివ్వలేదు. రంజన్ మూత దొర్లిపోయింది. ఆ తర్వాత ఆమె మా ఊళ్లో ఇంకో నాలుగేండ్లు ఉంది. ఆమె బస్సెక్కిన నాటి సంగతి ఇందులో రాయను.

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి, ఊరంతా తిరిగి వార్త నాకంటే ముందే చేరింది. మా ఆయన మోట విప్పి, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నాలుగు మాటలు అన్నాడు. ఆయనకు నాలుగు మాటలంటే నెలకు సరిపడా.

"అవునే, ఇంగ్లీషుల నేను ఏందట?"

చెప్పాను.

"ఇండు" అన్నాడు, నోట్లో వేసుకుని నమిలినట్టు. "ఇండు. బాగనే ఉన్నది. అట్లనే పిలుస్తవా?"

పెండ్లయి పదేండ్లు. నేను ఆయనను ఏమని పిలిచేదాన్ని? ఇగో, ఓయ్, ఇంటున్నవా, అంతే. దూరంగా చెలకలో దున్నుతుంటే రాయి విసిరి పిలిచేదాన్ని. లోపలికి పోయి బువ్వ వడ్డించాను. ఆయన అప్పటికే పెరట్లో అవతలి మూల ఎద్దుల దగ్గర ఉన్నాడు. దర్వాజ పట్టుకుని, గొంతు సవరించుకుని, పక్కింటి ఉప్పలమ్మకు కూడా వినబడేలా అరిచాను.

"ఓ విండూ! బువ్వకు రా!"

ఎద్దులు గుంజితే తప్ప కదలని మనిషి, చేతిలో గడ్డి మోపు అట్లాగే కింద పడేసి, గాలి లెక్క ఉరికి వచ్చాడు.